రైతుబజార్ ఈగలు, 39 డిగ్రీలు, ఒక డిగ్రీ అమ్మాయి

జనవరి దాటిందంటే చాలు, మా ల్యాబ్‌కి డిగ్రీ పిల్లల మెయిల్స్ మొదలవుతాయి. బీఎస్సీ జువాలజీ, బయోటెక్, మైక్రోబయాలజీ, ఇంటిగ్రేటెడ్ ఎంఎస్సీ వాళ్ళు, ఈ మధ్య బీటెక్ వాళ్ళు కూడా రాస్తున్నారు. సార్ వాటిని నాకు ఫార్వర్డ్ చేస్తారు, ఎందుకంటే ల్యాబ్‌లో జూనియర్లని చూసుకునే పని నాది. పీహెచ్‌డీ మధ్యలో ఉన్నా, నా పనికే టైమ్ సరిపోదు, అయినా ఈ పని మాత్రం వదులుకోను. ఎందుకో చెప్దామనే ఈ పోస్ట్.

ముందు నా మాట చెప్పేస్తా. డిగ్రీ స్టూడెంట్ ల్యాబ్‌కొస్తే వాళ్ళకంటూ ఒక ప్రశ్న ఉండాలి, ఎంత చిన్నదైనా సరే, అది వాళ్ళదే అయ్యుండాలి. సీనియర్ థీసిస్‌కి కావాల్సిన జెల్స్ వేయించుకుని పంపేయడం, లేదంటే పది రోజుల్లో పీసీఆర్ (డీఎన్ఏ కాపీలు తీసే పద్ధతి) నేర్పించి సర్టిఫికెట్ చేతిలో పెట్టడం, ఎక్కువ చోట్ల జరిగేది ఇదే. అదీ అవసరమే, కాదనను, చెయ్యి తిరగాలంటే ఎవరో ఒకరి పనిలోనే తిరగాలి. కానీ అక్కడితో ఆపేస్తే ఆ పిల్లలు టెక్నిక్ నేర్చుకుని వెళ్తారు తప్ప రీసెర్చ్ అంటే ఏంటో చూడకుండానే వెళ్ళిపోతారు.

మన డిగ్రీ ప్రాక్టికల్స్ ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. ఎయిమ్, ప్రొసీజర్, అబ్జర్వేషన్, రిజల్ట్. రిజల్ట్ ఎంత రావాలో ముందే తెలుసు, రాకపోతే సీనియర్ రికార్డు ఉండనే ఉంది, చూసి ఎక్కించేయడమే. ఎక్స్‌టర్నల్ వచ్చిన రోజు ఎవరికి ఏ సాల్ట్ ఇచ్చారో బ్యాచ్‌లో ఎవరో ఒకరు కనుక్కునే వస్తారు. పిల్లల్ని తప్పుబట్టలేను, ఆన్సర్ ముందే రాసిపెట్టి ఉందని తెలిశాక దాన్ని వెతుక్కోవడం తప్ప ఇంకేం చేస్తారు ఎవరైనా. ఇంక ఫైనల్ ఇయర్ ప్రాజెక్టంటే అమీర్‌పేట్‌లో, దిల్‌సుఖ్‌నగర్‌లో రెడీమేడ్‌గా దొరుకుతాయి, బైండింగ్‌తో సహా ఇస్తారు, ముందు పేజీలో పేరు మార్చుకోవడమే. అలాంటి పుస్తకం చేతికొచ్చినప్పుడల్లా నాకు చాలా బాధేస్తుంది. మూడేళ్ళు సైన్స్ చదివి, ‘ఇది ఎవరికీ తెలీదు, నువ్వే చూసి చెప్పాలి’ అన్న మాట ఒక్కసారి కూడా వినకుండా బయటికొచ్చేస్తున్నారు.

సరే, అసలు విషయానికొస్తా. పోయిన ఎండాకాలం ముందు ఒక మెయిల్ వచ్చింది. నల్గొండ వైపు అమ్మాయి, ఇక్కడ సిటీలో ఒక కాలేజీలో బీఎస్సీ సెకండియర్, దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్. ‘నాకు మీ రీసెర్చ్ అంటే చాలా ఆసక్తి’ అని అందరూ రాసే లైన్ అందులో లేదు. మా ల్యాబ్ పేపర్ ఒకటి చదివిందట, అందులో ఈగల్ని 25 డిగ్రీల్లో పెంచామని రాశాం కదా, మన దగ్గర మే నెలలో 40 దాటుతుంది, మరి మీకొచ్చిన రిజల్ట్ మన బయట తిరిగే ఈగలకి కూడా వర్తిస్తుందా అని అడిగింది. అంతే మెయిల్. సార్ దాన్ని ఫార్వర్డ్ చేస్తూ పైన ఒకటే మాట రాశారు, ‘పిలువు’ అని.

మేం పనిచేసేది డ్రోసోఫిలా మీద. అరటిపండు మగ్గిపోతే దానిమీద ముసురుతాయే చిన్న చిన్న ఎర్రకళ్ళ ఈగలు, అవే. 25 డిగ్రీల్లో గుడ్డు నుంచి పెద్ద ఈగ అవడానికి సుమారు పది రోజులు, తిండి చవక, చోటు కొంచెమే చాలు, అందుకే వందేళ్ళకి పైగా జెనెటిక్స్ వాళ్ళకి ఇదే దిక్కు. ల్యాబుల్లో వాడే స్టాకులు, అంటే తరతరాలుగా పెంచుకొచ్చే ఈగల వంశాలు మాత్రం ఎప్పుడో ఎక్కడో పట్టుకున్నవి. మా దగ్గరుండే కాంటన్-ఎస్ అయితే అమెరికాలో కాంటన్ అనే ఊరి పేరు మీదున్న స్టాక్, దశాబ్దాల నుంచి తరతరాలుగా సీసాల్లోనే బతుకుతోంది, ఎండ అంటే ఏంటో దానికి తెలీదు. కాబట్టి ఆ అమ్మాయి అడిగింది చిన్న ప్రశ్నేం కాదు.

వచ్చిన మొదటి రోజే దాన్ని కొంచెం చెక్కి ప్రశ్నగా మార్చాం. మన మార్కెట్ ఈగలు కాంటన్-ఎస్ కంటే వేడిని ఎక్కువసేపు తట్టుకుంటాయా? ఈగలూ వేడీ అనే సబ్జెక్టు మీద ప్రపంచంలో బోలెడు పేపర్లున్నాయి, కానీ ఈ మార్కెట్ ఈగల్ని కొలిచినవాళ్ళు మాకెవరూ కనపడలేదు. ఆ అమ్మాయి చాలాసేపు వెతికింది, తర్వాత నా దగ్గరికొచ్చి ‘అక్కా, మరి దీని ఆన్సర్ యాడుంటది?’ అంది. యాడా లేదమ్మా, నువ్వు తీస్తేనే ఉంటది అన్నా. ఆ మాట అర్థమవడానికి తనకి కొంచెం టైమ్ పట్టింది, మొహం చూస్తే తెలిసిపోయింది. నేను జూనియర్లని వదులుకోనిది ఈ ఒక్క క్షణం కోసమే.

మెహదీపట్నం రైతుబజార్ దగ్గర పళ్ళబండ్ల పక్కన ట్రాప్స్ పెట్టింది. వాటర్ బాటిల్ సగానికి కోసి, లోపల మగ్గిన అరటిపండు, కొంచెం ఈస్ట్ చల్లడం, మూతి దగ్గర కాగితం గరాటు, అంతే. బండి పెద్దాయన వింతగా చూసి ‘ఈగలు పట్టుకపోతవా బిడ్డా, అన్నీ పట్టుకపో’ అన్నాడట, తర్వాత ఆయనే రోజూ బాటిల్ పడిపోకుండా చూసుకున్నాడు.

తెచ్చిన ఈగల్ని మైక్రోస్కోప్ కింద పెట్టగానే మొదటి పాఠం. అన్నీ మేం ల్యాబ్‌లో పెంచే డ్రోసోఫిలా మెలనోగాస్టర్ జాతి కాదు. మన దేశంలో డ్రోసోఫిలా అననాసే కూడా బాగా దొరుకుతుంది, పైపైన చూస్తే రెండూ ఒకేలా అనిపిస్తాయి. మెలనోగాస్టర్ మగదానికి పొట్ట చివర నల్లగా ఉంటుంది, అననాసే మగదానికి అలా ఉండదు, దాని ముందు కాళ్ళ మీదుండే దువ్వెన లాంటి వెంట్రుకలు ఒక వరసలో కాకుండా చాలా వరసల్లో ఉంటాయి. ఆడవాటిని చూసి చెప్పడం కష్టం. అందుకే ఒక్కో ఆడ ఈగని ఒక్కో వయల్‌లో (చిన్న సీసాలో) విడిగా వేస్తాం, బయట పట్టిన ఆడ ఈగ అప్పటికే జతకట్టి ఉంటుంది, ఆ వీర్యం లోపల దాచుకుని ఉంటుంది కాబట్టి ఒంటరిగా ఉన్నా గుడ్లు పెడుతుంది, పిల్లలు పెద్దయ్యాక వాటిలో మగవాటిని చూస్తే తల్లిది ఏ జాతో తెలిసిపోతుంది. అలా ఒక్క తల్లి నుంచి వచ్చిన సంతానాన్ని ఐసోఫిమేల్ లైన్ అంటాం. పుస్తకంలో ఒక్క లైన్‌లో ఉండే మాట ఇది, తను మాత్రం వారాల తరబడి వయల్స్ ముందు కూర్చుని నేర్చుకుంది, ఇక మర్చిపోవడం అంటూ ఉండదు.

తర్వాత తనకి అస్సలు నచ్చని మాట చెప్పాల్సొచ్చింది, ఇప్పుడే టెస్ట్ చేయకూడదు అని. బయట ఎండలో పెరిగిన ఈగ వేడికి తట్టుకుందంటే అది పుట్టుకతో వచ్చిన గుణమా, పెరిగిన చోటు వల్లా? తేల్చాలంటే రెండు రకాల్నీ ఒకే ఇంక్యుబేటర్‌లో (టెంపరేచర్ మారకుండా ఉంచే పెట్టెలో), ఒకే తిండి మీద, వయల్‌కి ఇన్నే గుడ్లు అని లెక్కపెట్టి, రెండు తరాలు పెంచాలి. గుంపు ఎక్కువైతే ఈగలు సైజు తగ్గిపోతాయి, సైజు తగ్గితే వేడి లెక్క మారిపోతుంది. అంటే ఇంకా వారాలకి వారాలు తిండి వండటమే.

ఈగల తిండి గురించి చెప్పకపోతే ఫ్లై ల్యాబ్ గురించి ఏం చెప్పినట్టు. మక్కపిండి, చక్కెర, ఈస్ట్, అగర్, నీళ్ళు, పెద్ద గిన్నెలో వేసి మరగనివ్వాలి, మరిగేకొద్దీ అంబలిలా చిక్కబడుతుంది, గరిటె ఆపితే అడుగంటుతుంది, బుడగ పగిలి చేతిమీద పడితే బొబ్బే. దించాక కొంచెం చల్లారనిచ్చి అప్పుడు ప్రొపియానిక్ యాసిడ్, మిథైల్ పారాబెన్ కలపాలి, బూజు పట్టకుండా. మరీ వేడి మీద కలిపితే ఘాటు ముక్కులోకి కొడుతుంది, మందు కూడా ఎగిరిపోతుంది, మరీ ఆలస్యం చేస్తే అగర్ గట్టిపడి వయల్స్‌లోకి జారదు. ఆ మధ్యలో ఉన్న కొద్ది టైమ్‌లో వరసగా పోసుకుంటూ పోవాలి. పైన మస్లిన్ గుడ్డ కప్పి రాత్రంతా ఆరనిచ్చి పొద్దున కాటన్ ప్లగ్గులు పెట్టాలి. ఇదంతా మా ల్యాబ్‌లో అందరం వంతులేసుకుని చేస్తాం, సార్ స్టూడెంట్‌గా ఉన్నప్పుడు ఆయనా చేశారు. ‘చిన్నపిల్లలకి చిల్లరపని’ అని ఎవరైనా అంటే నేను ఊరుకోను, ఆ బ్యాచ్ తిండి తేడాగా ఉందంటే నెల రోజుల డేటా పోతుంది, పోస్ట్‌డాక్‌దైనా పోతుంది.

ఇక్కడ నాకు బాగా ఇష్టమైన కథ ఒకటి చెప్పాలి. న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీలో థామస్ హంట్ మోర్గాన్ ల్యాబ్, పాలసీసాల్లో ఈగల్ని పెంచేవాళ్ళు, దాన్నే ఫ్లై రూమ్ అనేవాళ్ళు. అక్కడ సీసాలు కడగడానికి పెట్టుకున్న కుర్రాడు కాల్విన్ బ్రిడ్జెస్, డిగ్రీ స్టూడెంట్. కడగాల్సిన సీసా అద్దంలోంచి చూసి ఒక ఈగ కళ్ళ రంగు వేరేగా ఉందని పట్టేశాడు, వెర్మిలియన్ అనే కొత్త మ్యూటెంట్ (జీన్ మారిన ఈగ) అది. అదే ల్యాబ్‌లో ఇంకో డిగ్రీ స్టూడెంట్ ఆల్‌ఫ్రెడ్ స్టర్టెవాంట్. 1911లో మోర్గాన్‌తో మాట్లాడుతుంటే ఒక ఆలోచన తట్టింది, జీన్స్ ఎంత తరచుగా విడిపోతున్నాయో చూస్తే క్రోమోజోమ్ మీద వాటి మధ్య దూరం లెక్కకట్టొచ్చు కదా అని. ఆ డేటా ఇంటికి పట్టుకెళ్ళి, కాలేజీ హోంవర్క్ పక్కన పడేసి, తెల్లారేసరికి ఎక్స్ క్రోమోజోమ్ మీద జీన్స్‌ని వరసలో పెట్టేశాడు. ప్రపంచంలో మొదటి జెనెటిక్ మ్యాప్ అదే, 1913లో అచ్చయింది. మోర్గాన్‌కి 1933లో నోబెల్ వచ్చినప్పుడు ఆ డబ్బుల్లో వీళ్ళిద్దరి పిల్లల చదువులకి కూడా వాటా ఇచ్చాడు. మన ల్యాబుల్లో స్టర్టెవాంట్లు పుట్టుకొస్తారని నేననను, కానీ మోర్గాన్ ఆ డేటాని ఒక డిగ్రీ కుర్రాడి చేతిలో పెట్టి ఇంటికి పంపాడు చూడండి, ఆ పని మనం ఎందుకు చేయలేం?

సరే, టెస్ట్. దీన్ని హీట్ నాక్‌డౌన్ అంటారు. గ్లాస్ వాటర్‌బాత్‌లో నీళ్ళు వేడి చేసి, మూత బిగించిన చిన్న వయల్స్‌లో ఒక్కో ఈగ వేసి ముంచుతాం, ఏ ఈగ ఎప్పుడు కాళ్ళు పైకెత్తి పడిపోతుందో స్టాప్‌వాచ్‌తో రాసుకుంటాం. ఎంతసేపు నిలబడితే అంత తట్టుకున్నట్టు. టెంపరేచర్ ఎంత పెట్టాలో నేను చెప్పలేదు, కావాలనే చెప్పలేదు, పేపర్లలో రకరకాలుగా ఉంటుంది, నువ్వే చూసుకో అన్నా. 37లో పెట్టి చూసింది, కొన్ని ఈగలు ఎంతకీ పడవు, కూర్చుని కూర్చుని కళ్ళు లాగేస్తాయి. 41లో పెట్టింది, అన్నీ కట్టగట్టుకుని ఒకేసారి పడిపోయాయి, ఏది ముందో ఏది వెనకో చెప్పలేనంత. 39లో అయితే ఒకటి ముందు, ఒకటి వెనక, మధ్యలో బాగా తేడా కనిపిస్తోంది. ఆ రోజు నోట్‌బుక్‌లో 39 చుట్టూ గట్టిగా సున్నా చుట్టి కింద కారణం కూడా రాసింది. నేను కరెక్షన్ ఏం పెట్టలేదు.

ఇంకో రెండు జాగ్రత్తలు. మగా ఆడా వేరు చేయడానికి ఈగలకి కార్బన్ డయాక్సైడ్‌తో మత్తిస్తాం, ఆ మత్తు ప్రభావం కొంతసేపు ఉంటుంది కాబట్టి టెస్ట్‌కి రెండు రోజుల ముందే వేరు చేసి పెట్టుకోవాలి. రెండోది, ఏ వయల్‌లో ఏ లైన్ ఉందో చూసేవాళ్ళకి తెలియకూడదు. నేను పక్క రూమ్‌లో కోడ్ నంబర్లు రాసి కాగితం నా డ్రాయర్‌లో పెట్టుకునేదాన్ని. మొదట్లో తనకి కొంచెం నొచ్చుకున్నట్టే అనిపించింది, ‘నేను తప్పు రాస్తానా అక్కా’ అంది. నీ మీద నమ్మకం లేక కాదమ్మా, మన ఈగలే గెలవాలని నీకుంది, నాకూ ఉంది, ‘ఇది పడిందా, ఇంకా కదులుతోందా’ అని డౌటొచ్చిన అర సెకనులో ఆ కోరిక లోపలికి దూరుతుంది అని చెప్పా. తర్వాత తన ఫ్రెండ్ ప్రాజెక్ట్ చూసి ‘మీరు కోడ్ చేయలేదా?’ అని తనే అడిగిందట.

రిజల్ట్ ఏంటంటారా. కోడ్ విప్పిన సాయంత్రం ముగ్గురం కంప్యూటర్ ముందు కూర్చున్నాం. సగటున చూస్తే మార్కెట్ లైన్లు కాంటన్-ఎస్ కంటే ఎక్కువసేపు నిలబడ్డాయి. తను ఎగిరి గంతేసింది. కానీ సార్ లైన్లన్నీ విడివిడిగా ప్లాట్ వేయమన్నారు, వేస్తే, ఒకే మార్కెట్‌లో పట్టిన లైన్ల మధ్యే చాలా తేడా ఉంది, ఒకటి రెండు లైన్లైతే కాంటన్-ఎస్ పక్కనే ఉన్నాయి. అంటే ‘హైదరాబాద్ ఈగలు గట్టివి’ అని ఒక్క మాటలో రాసేయడానికి లేదు. ఒక్క ల్యాబ్ స్టాక్‌తో పోల్చి దేశం గురించి, ఊరి గురించి మాట్లాడటం కుదరదు, చల్లటి ప్రాంతం నుంచి పట్టుకొచ్చిన లైన్లు కూడా చాలా ఉండాలి. కాసేపు మౌనంగా ఉండి తనే అంది, ‘అయితే మన దగ్గరే రెండు రకాలున్నాయి, ఎందుకున్నాయో అది అడగాలి కదా’ అని. సార్ నావైపు చూసి నవ్వారు.

ఇదంతా చదివి ‘మంచిదే, మరి మా పిల్లలకి కుదురుతుందా’ అనే వాళ్ళుంటారు. కుదరడం కష్టమే. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేట్‌లో మారి, రాయదుర్గంలో దిగి, అక్కణ్ణుంచి బస్సో షేర్ ఆటోనో పట్టుకుని గచ్చిబౌలి దాటి రావాలి, మధ్యాహ్నం దాకా కాలేజీ క్లాసులు, ఇంటర్నల్స్, సాయంత్రం హాస్టల్ గేటు టైమ్. ఈగలకి ఆదివారం లేదు. వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసి ‘రాత్రి ఏడైనా ల్యాబ్‌లోనే ఉంటుందట, ఏం పని తల్లీ అది’ అని అడిగింది, అడగదా మరి. ఆమెకి వీడియో కాల్‌లో ఈగల్ని చూపించా. పైగా దారి ఖర్చులు ఎవరిస్తారు? డబ్బున్న ఇంటి పిల్లలే ఉచితంగా పనిచేయగలరు, మిగతావాళ్ళు సెలవుల్లో ట్యూషన్లు చెప్పుకోవాలి. డిపార్ట్‌మెంట్లు కనీసం బస్ పాస్ డబ్బులన్నా ఇవ్వాలని నేను మీటింగుల్లో అంటూనే ఉన్నా, అంటూనే ఉంటా.

ఉన్న దారులు కొన్ని చెప్తా. మన దేశంలోని మూడు సైన్స్ అకాడెమీలు, బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లవి, కలిసి సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఇస్తాయి, ఎండాకాలంలో రెండు నెలలు ఒక సైంటిస్ట్ దగ్గర పనిచేయొచ్చు, స్టైపెండ్ ఉంటుంది, అప్లికేషన్ మాత్రం ముందు సంవత్సరం చివర్లోనే పెట్టుకోవాలి, చాలామంది మార్చిలో వెతకడం మొదలుపెట్టి మిస్సవుతారు. ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ వచ్చే పిల్లలకి ఏడాదికిచ్చే 80 వేలలో 20 వేలు సమ్మర్ ప్రాజెక్ట్ కోసమే, ఆ సంగతి తెలియని వాళ్ళని ఎంతమందిని చూశానో. యూజీసీ 2022లో తెచ్చిన నాలుగేళ్ళ డిగ్రీ ఫ్రేమ్‌వర్క్‌లో మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం వచ్చినవాళ్ళు నాలుగో ఏడు రీసెర్చ్ తీసుకోవచ్చు, డిసర్టేషన్‌కి 12 క్రెడిట్లు. మంచి ఆలోచనే. కానీ 75 అనే గీత మీద నాకు కోపముంది, రికార్డులు కాపీ కొట్టి మార్కులు తెచ్చుకునే పద్ధతిలో మార్కుల్ని బట్టే రీసెర్చ్ తలుపు తీస్తామంటే ఎలా? మా అమ్మాయికి 75 లేదు.

మెయిల్ రాసే పిల్లలకి ఒక్క మాట. హైదరాబాద్‌లో సైన్స్ ల్యాబులకి కొదవ లేదు, తార్నాకలో ఐఐసీటీ, ఎన్ఐఎన్, హబ్సిగూడలో సీసీఎంబీ, ఉస్మానియా, ఇటు సెంట్రల్ యూనివర్సిటీ. ఒకే మెయిల్ అందరికీ పంపకండి, పేరు మార్చినా తెలిసిపోతుంది. ఒక్క ల్యాబ్ పేపర్ ఒక్కటి చదవండి, సగమే అర్థమైనా పర్లేదు, అర్థం కాని చోట ఏం అడగాలనిపించిందో అది రాయండి. బయోడేటా కంటే ఆ ఒక్క లైనే మేం ముందు చదువుతాం.

మొన్న ఫిబ్రవరి 28న సైన్స్ డేకి తను పోస్టర్ పెట్టింది. బయటి నుంచి వచ్చిన ఒక ప్రొఫెసర్ పోస్టర్ అంతా చదివి, వేరే ఏం అడగకుండా ‘39 ఎందుకు?’ అన్నారు. నేను వెనకాల నిలబడ్డా, నోరు తెరవలేదు. తను 37 గురించి, 41 గురించి, తేడా ఎక్కడ కనబడిందో తాపీగా చెప్పింది, ఇంగ్లీష్‌లో మొదలుపెట్టి మధ్యలో తెలుగులోకి వచ్చేసింది, ఆయనా తెలుగులోనే ఇంకా అడిగారు. అలా మాట్లాడుతుండగానే తనకొచ్చిన ఇంకో డౌట్ కూడా చెప్పేసింది. 39లో పడిపోవడం సరే సార్, కానీ 30 దగ్గర పెరిగితేనే మగ ఈగలు పిల్లల్ని కనలేకుండా అయిపోతాయి కదా, మన మే నెలలో రాత్రుళ్ళు కూడా సరిగ్గా చల్లబడవు, అంటే అసలు దెబ్బ మధ్యాహ్నం ఎండ వల్లా, రాత్రి ఉక్క వల్లా అని.

పగలు వేడి రాత్రి చల్లన ఒక సెట్టు, పగలు వేడి రాత్రి ఉక్క ఇంకో సెట్టు, దానికి రెండు ఇంక్యుబేటర్లు కావాలి. ఒకటి ఖాళీ లేదు, మార్చి తర్వాత చూద్దాం అన్నారు సార్. నిన్న రాత్రి ప్లాన్ టేబుల్ నాకు పంపింది, చూస్తే కంట్రోల్స్, అంటే పోల్చి చూడటానికి పెట్టుకునే సెట్ల కాలమ్ అన్నిటికంటే ముందు నింపేసి ఉంది.